బరువు దుప్పటి కొనేముందు బొంతతో చూడండి

చంటిపిల్లను పడుకోబెట్టాక అమ్మ చెయ్యి వెంటనే తీయదు. జోకొట్టడం ఆపేసినా అరచెయ్యి కాసేపు అలాగే ఆనించి ఉంచుతుంది. తీస్తే పిల్ల లేస్తుందని తెలుసు. బరువు దుప్పటి చేసే పని కూడా దాదాపు ఇదే. ఒళ్లంతా సమానంగా, కదలకుండా, మెత్తగా అదిమి పట్టి ఉంచుతుంది. లోపల గాజు పూసలో, ప్లాస్టిక్ గుళికలో, సన్నటి గొలుసులో పోసి, గళ్లు గళ్లుగా కుట్టిన 4 నుంచి 10 కిలోల దుప్పటి అది.

(జోకొట్టే పోలిక తెచ్చాను కదా అని చంటిపిల్లలకు మాత్రం కప్పకండి. ఎందుకో ముందుకెళ్లాక చెబుతాను.)

నేను మొదట కొన్నది 9 కిలోలది. అప్పుడు నా బరువు 64. రాత్రి పదకొండు దాకా ఆఫీసు కాల్స్, ఆ తర్వాత రెండింటి దాకా కప్పు చూస్తూ పడుకోవడం. ఎంత బరువుంటే అంత నిద్ర అనుకున్నాను. మొదటి రాత్రి పక్కకు తిరగడానికే లేచి కూర్చోవాల్సి వచ్చింది. నాలుగో రోజుకి దుప్పటి అటకెక్కింది. ఏడాది తర్వాత 6 కిలోలది వాడాకగానీ తప్పు దుప్పటిది కాదు, నా లెక్కది అని తెలియలేదు. మీరు ఆ డబ్బు దండగ చేసుకోకుండా ఉండాలనే ఇదంతా.

ముందు నిద్ర ఎందుకు పట్టట్లేదో చూసుకోండి

పక్క మీద చేరగానే రేపటి పనులు, నిన్నటి మాటలు బుర్రలో తిరగడం, కాళ్లు ఒకచోట ఆగకపోవడం, ఒళ్లంతా బిగుసుకుని ఉండటం, అటూ ఇటూ దొర్లడం... మీ తంటా ఇలాంటిదైతే బరువు దుప్పటి ఒకసారి ప్రయత్నించదగ్గదే.

గట్టిగా గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్టయి ఉలిక్కిపడి లేస్తున్నారా? పగలంతా కునికిపాట్లు పడుతున్నారా? అయితే అది స్లీప్ ఆప్నియా కావచ్చు. దానికి డాక్టరు దగ్గర నిద్ర పరీక్ష చేయించుకోవాలి. అలాంటివాళ్లు ఛాతీ మీద బరువు వేసుకుంటే మేలు మాట అటుంచి కీడే జరగొచ్చు. వారానికి మూడు రాత్రుల చొప్పున మూడు నెలలకు పైగా నిద్ర లేకపోతే దాన్ని దీర్ఘకాలిక నిద్రలేమి అంటారు. దానికి మందుల కంటే ముందు చెప్పే చికిత్స సీబీటీ-ఐ, అంటే నిద్ర అలవాట్లనూ నిద్ర గురించిన భయాలనూ సరిచేసే పద్ధతి. ఆందోళన పగటి పనులకే అడ్డొస్తుంటే 14416కి ఫోన్ చేయండి. 2022లో మొదలైన టెలీ మానస్ ప్రభుత్వ సేవ అది. డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు. దుప్పటి వీటన్నిటి పక్కన ఉండే తోడే తప్ప, వీటి బదులు కాదు. వాడుతున్న మందులు దుప్పటి వచ్చిందని ఆపేయకండి.

ఇది నిజంగా పనిచేస్తుందా?

కొందరికి చేస్తుంది. స్వీడన్‌లో 120 మందితో చేసిన ఒక పరిశోధన 2020లో అచ్చయింది. డిప్రెషన్, బైపోలార్ (విపరీతమైన ఉత్సాహం, దిగులు మారి మారి వచ్చే జబ్బు), ఆందోళన, ఏడీహెచ్‌డీ (దేని మీదా మనసు నిలవకపోవడం) వంటి వాటితో పాటు నిద్రలేమి కూడా ఉన్నవాళ్లు వాళ్లంతా. సగం మందికి 6 లేదా 8 కిలోల గొలుసు దుప్పటి, మిగతా సగానికి చూడటానికి అలాంటిదే ఒకటిన్నర కిలోల దుప్పటి ఇచ్చారు. నాలుగు వారాల్లో బరువు దుప్పటి వాళ్లలో దాదాపు 60 శాతం మందికి నిద్రలేమి తీవ్రత సగానికి తగ్గింది. తేలిక దుప్పటి వాళ్లలో అలా తగ్గింది సుమారు 5 శాతానికే. అయితే ఇక్కడో చిక్కుంది. ఉత్తుత్తి మాత్ర ఇచ్చి మందని నమ్మించొచ్చుగానీ, ఒంటి మీద 8 కిలోలున్నాయో లేదో ఎవరికైనా తెలిసిపోతుంది. నమ్మకం చేసిన మేలెంత, బరువు చేసిన మేలెంత అన్నది విడదీయడం కష్టం.

బ్రిటన్‌లో ఆటిజం ఉన్న 67 మంది పిల్లలతో చేసిన మరో పరిశోధన 2014లో వచ్చింది. పిల్లల నిద్ర నిమిషాలేమీ పెరగలేదు. కానీ పిల్లలూ, తల్లిదండ్రులూ కూడా మామూలు దుప్పటి కంటే బరువుదే బాగుందన్నారు. నా అనుభవం కూడా ఆ రెండో మాటకే దగ్గర. దుప్పటి వల్ల నేను ఎక్కువసేపేం పడుకోవట్లేదు. నిద్ర పట్టేలోపు దొర్లడం మాత్రం తగ్గింది.

ఈ ఆలోచనకు బాట వేసినవాళ్లలో ముందు చెప్పుకోవాల్సింది టెంపుల్ గ్రాండిన్ అనే అమెరికా పశుశాస్త్రవేత్త గురించి. ఆమెకు ఆటిజం ఉంది. టీకా వేసేటప్పుడు పశువు కదలకుండా రెండు పక్కలా పలకలతో బిగించే చట్రాన్ని ఆమె 1960ల్లో చూసింది. అందులోకి వెళ్లాక కొన్ని పశువులు నెమ్మదించడం గమనించి, తనకోసం అలాంటి పెట్టె ఒకటి తయారుచేసుకుంది. ఎంత బిగించాలో, ఎప్పుడు వదలాలో తేల్చే మీట మాత్రం ఆమె చేతిలోనే ఉండేది. బరువు దుప్పటి జాగ్రత్తలన్నీ ఈ ఒక్క ముక్కలోనే ఉన్నాయి. అదిమి పట్టినదాన్ని తనంతట తాను తీసేయగలిగినవాళ్లకే ఇది.

ఎవరు వాడకూడదు

చంటిపిల్లలకు, రెండు మూడేళ్ల పసివాళ్లకు ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. బరువు పెట్టి కుట్టిన పడక సంచులు, చుట్టుగుడ్డలు కూడా పసికందుల దగ్గర పెట్టొద్దని అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2022 మార్గదర్శకాల్లో స్పష్టంగా రాసింది. కాస్త పెద్ద పిల్లలకైనా డాక్టరునో, ఆక్యుపేషనల్ థెరపిస్టునో (రోజువారీ పనులు చేసుకోవడంలో సాయపడే నిపుణులు) అడిగాకే. 2008లో కెనడాలో తొమ్మిదేళ్ల ఆటిజం బాబు బడిలో బరువు దుప్పటి కింద ఊపిరాడక చనిపోయాడు. జిప్పు తీసి దుప్పటికి తొడిగే గలేబులోకి దూరిన పిల్లలు అందులోనే ఇరుక్కుని చనిపోయిన ఘటన అమెరికాలో జరిగింది. అందుకే ఇంట్లో పిల్లలుంటే మీ దుప్పటికి కూడా జిప్పున్న గలేబు వద్దు. నాడాలున్నది, లేదా జిప్పు పిన్ను లోపలికి దాగిపోయేది చూసుకోండి. పొద్దున లేవగానే మడిచి పైన పెట్టేయండి. దుప్పటితో గుడారం కట్టుకోవడం మన పిల్లలందరికీ ఇష్టమైన ఆటే కదా.

ఉబ్బసం, ఆయాసం, సీఓపీడీ (ఊపిరితిత్తుల దీర్ఘకాలిక జబ్బు), గుండె జబ్బు, పక్షవాతం, కాళ్లలో రక్తప్రసరణ సమస్య, షుగర్ వల్ల పాదాల తిమ్మిరి, మూర్ఛ, ఇటీవలి ఆపరేషన్, గర్భం... వీటిలో ఏదున్నా ముందు మీ డాక్టరుతో మాట్లాడండి. తలుపు వేసిన చిన్న గదిలో, లిఫ్టులో గాభరాపడేవాళ్లకు కూడా ఇది పడకపోవచ్చు.

పెద్దవాళ్ల సంగతి కాస్త విడిగా చెప్పాలి. డెబ్భై దాటిన నాన్నకో అత్తయ్యకో ప్రేమగా కొనిచ్చేవాళ్లు, వాళ్లు రాత్రి రెండుసార్లు బాత్రూముకు లేస్తారన్న మాట మరిచిపోతారు. నిద్రమత్తులో 6 కిలోలు పక్కకు నెట్టి లేవడం, కిందికి జారిన అంచు కాళ్లకు చుట్టుకోవడం ప్రమాదం. వాళ్లకు కావాలంటే పగలు కుర్చీలో కూర్చున్నప్పుడు ఒళ్లో వేసుకునే రెండు కిలోల ముక్క చాలు.

ఎవరికైనా ఒకటే పరీక్ష. వెల్లకిలా పడుకుని దుప్పటి కప్పుకోండి. ఒక్క చేత్తో, ఒక్క ఊపులో పక్కకు నెట్టగలిగారా? లేదంటే ఆ బరువు మీకు కాదు.

బరువు లెక్క

అందరూ చెప్పేది ఒంటి బరువులో పదో వంతు. 50 కిలోల మనిషికి 5, 70 కిలోల మనిషికి 7. ఇది పైహద్దు అనుకుని, దానికి ఒక కిలో తక్కువతో మొదలుపెట్టమంటాను. ఒంటి బరువులో కొవ్వు ఎక్కువైతే ఈ లెక్క ఇంకా దారి తప్పుతుంది. 95 కిలోలున్నంత మాత్రాన తొమ్మిదిన్నర కిలోల దుప్పటి అక్కర్లేదు, 6 లేదా 7 దగ్గర ఆగితే మంచిది. తక్కువైందనిపిస్తే పైన మామూలు దుప్పటి ఒకటి వేసుకోవచ్చు. ఎక్కువైనదాన్ని తగ్గించే దారి లేదు.

అమెరికాలో ఉన్నవాళ్లకు పౌండ్లలో దొరుకుతాయి. 12 పౌండ్లంటే సుమారు 5.4 కిలోలు, 15 అంటే 6.8, 20 అంటే 9. ఇండియా వచ్చేటప్పుడు అమ్మకు ఒకటి తేవాలనుకుంటే పైన పెద్దవాళ్ల గురించి చెప్పింది మళ్లీ చదవండి. పైగా 15 పౌండ్లది పెడితే 23 కిలోల సూట్‌కేసులో దాదాపు మూడో వంతు దానికే పోతుంది.

కొనకుండానే వారం రోజుల పరీక్ష

ఇంట్లో అమ్మమ్మ పాత చీరలు పొరలు పొరలుగా వేసి కుట్టిన బొంత ఉందా? తెలంగాణ ఇళ్లలో పాత గొంగడి ఉందా? హైదరాబాద్ చలికాలం రజాయి ఉందా? వాటిని బయటికి తీయండి. బరువు తూచే మిషన్ మీద ముందు మీరొక్కరే నిలబడండి, తర్వాత బొంత ఎత్తుకుని నిలబడండి. తేడాయే బొంత బరువు. ఒకటి చాలకపోతే రెండు బొంతలు ఒకదాని మీద ఒకటి వేసి 4 కిలోల దగ్గరికి తేవచ్చు.

ఏసీ వేసుకునో, చలికాలంలోనో వారం రోజులు వాటి కింద పడుకోండి. బొంత వేడి బరువు దుప్పటి వేడి కంటే ఎక్కువ, ఒత్తిడి తక్కువ. కాబట్టి ఇది పక్కా పరీక్షేమీ కాదు. కానీ ఒంటి మీద బరువుంటే మీకు హాయిగా ఉంటుందా, చిరాకేస్తుందా అన్నది మూడో రాత్రికే తేలిపోతుంది. చిరాకేస్తే వేల రూపాయలు మిగిలినట్టే. మా ఇంట్లో ఇద్దరికి బొంతతోనే సరిపోయింది. వాళ్లు ఇంకేం కొనలేదు.

కొనేటప్పుడు చూడాల్సినవి

దుప్పటి కొలత మంచానిది కాదు, మీ ఒంటిది ఉండాలి. మంచం అంచులు దాటి వేలాడితే ఆ బరువుకు దుప్పటి రాత్రంతా కిందికి జారిపోతూనే ఉంటుంది. ఒక్క మనిషికి 120 సెంటీమీటర్ల వెడల్పు, 180 పొడవు చాలు. భార్యాభర్తలకు కలిపి ఒకటే పెద్దది కొనొద్దు. ఇద్దరి బరువూ వేరు, వేడి వేరు, ఒకరు కదిలితే రెండోవారి మీదున్న బరువంతా ఆ వైపుకు వెళ్తుంది.

లోపల గాజు పూసలుంటే మేలు. ప్లాస్టిక్ గుళికల కంటే గాజు బరువు కాబట్టి అంతే బరువుకు దుప్పటి పల్చగా ఉంటుంది, చప్పుడూ తక్కువ. గళ్లు అరచేయంత, అంటే 10 నుంచి 12 సెంటీమీటర్లు ఉండాలి. అంతకంటే పెద్దవైతే పూసలన్నీ గడి మూలకు చేరి ఒక పక్క బరువు, ఒక పక్క ఖాళీ అవుతుంది. పైబట్ట మన ఊళ్లకు నూలుదే. ఫొటోల్లో మెత్తగా కనిపించే పాలిస్టర్ బొచ్చు దుప్పట్లు చలిదేశాల కోసం. విజయవాడలో ఏప్రిల్‌లో అది కప్పుకుంటే నిద్ర మాట దేవుడెరుగు, స్నానం అవుతుంది. మొద్దు నూలుతో జల్లెడలా అల్లిన దుప్పట్లలో పూసలుండవు, గాలాడుతుంది, ధర ఎక్కువ.

కుట్టించుకోవాలనుకుంటే

కష్టమేం కాదు, ఓపిక కావాలి. బ్లౌజులు కుట్టే టైలరు మిషన్ పాడవుతుందని ఒప్పుకోకపోవచ్చు. పరుపులు, రజాయిలు కుట్టేవాళ్లను అడగండి, లేదా ఇంట్లో మిషనుంటే మీరే కూర్చోండి.

70 కిలోల మనిషికి 6 కిలోల దుప్పటి అనుకుందాం. 120 సెంటీమీటర్ల వెడల్పు, 180 పొడవు, 12 సెంటీమీటర్ల గళ్లు. అడ్డంగా 10, నిలువుగా 15, మొత్తం 150 గళ్లు. దగ్గరి నేతున్న గట్టి నూలు బట్ట రెండు పొరలు కలిపి దాదాపు ఒక కిలో తూగుతుంది. మిగతా 5 కిలోల గాజు పూసలను 150 గళ్లకు పంచితే గడికి 33 గ్రాములు. వంటింటి డిజిటల్ కాటా మీద ఒకసారి తూచి, ఆ కొలతకు ఒక చిన్న గ్లాసు మీద గీత పెట్టుకుంటే ప్రతిసారీ తూచక్కర్లేదు.

బట్టను ముందే ఉతికి ఆరేయండి, కుట్టాక ముడుచుకుపోకుండా. కుట్లకు పోయేది పోగా కొలత మిగిలేలా నాలుగు పక్కలా కాస్త ఎక్కువ కత్తిరించండి. మూడు పక్కలు కుట్టి తిరగేయండి. మూసిన అడుగు నుంచి తెరిచిన పైఅంచు దాకా తొమ్మిది నిలువు కుట్లు వేస్తే పది పొడవాటి గొట్టాల్లా వస్తాయి. ఒక్కో గొట్టంలో ఒక్కో కొలత పూసలు పోసి, దులిపి అడుగుకు చేర్చి, అడుగు నుంచి 12 సెంటీమీటర్ల మీద అడ్డంగా కుట్టేయండి. మళ్లీ పోయండి, మళ్లీ కుట్టండి. పదిహేను వరసలయ్యేదాకా ఇదే పని. కుట్టే గీత పక్కనున్న పూసలను చేత్తో వెనక్కి నెట్టి గుండుసూదులు గుచ్చకపోతే మిషన్ సూది పూస మీద పడి విరుగుతుంది. నాకు మూడు విరిగాయి. సగం అయ్యాక దుప్పటి బరువుకు బట్ట మిషన్ మీంచి కిందికి లాగేస్తుంటుంది, పక్కన స్టూలు వేసి దాని మీద ఆన్చండి. సన్న కుట్టు, రెండుసార్లు.

పూసల బదులు బియ్యం, కందులు పోద్దామని ఎవరైనా అంటే వినకండి. ఉతకలేం, చెమ్మ పడుతుంది, వానాకాలానికి పురుగు పడుతుంది. ఇసుకైతే ఎంత కడిగినా బట్ట సందుల్లోంచి దుమ్ము రాలుతూనే ఉంటుంది.

అలవాటు చేసుకోవడం

కొన్న రాత్రే మెడదాకా కప్పుకుని పడుకోవద్దు. మొదటి మూడు రోజులు సాయంత్రం సోఫాలో, కాళ్ల మీద మాత్రం వేసుకుని ఇరవై నిమిషాలు. పుస్తకం చదువుకోండి, పాట వినండి. తర్వాతి మూడు రోజులు మంచం మీద, నడుం దాకా, నిద్రొచ్చేదాకా. నిద్ర మధ్యలో తోసేస్తే తోసేశారు, మళ్లీ లాక్కోనక్కర్లేదు. రెండో వారంలో భుజాల దాకా. అంతకు మించి పైకి ఎప్పుడూ వద్దు. ముసుగుతన్ని పడుకునే అలవాటున్నవాళ్లు జాగ్రత్త, మెడ మీదా ముఖం మీదా ఈ బరువు పడకూడదు. కొందరికి ఎప్పటికీ నడుం దాకానే హాయి. నేనిప్పటికీ ఛాతీ మీదికి రానివ్వను.

బోర్లా పడుకునేవాళ్లకు నడుం నొప్పి రావచ్చు. పక్కకు తిరిగి, మోకాళ్ల మధ్య దిండు పెట్టుకుని చూడండి. పొద్దున భుజాలు, మోకాళ్లు పట్టేసినట్టుంటే, చేతులు తిమ్మిరెక్కితే బరువు ఎక్కువైందని అర్థం.

వేడి సంగతి. ఏసీ ఉంటే 24 నుంచి 26 మధ్య పెట్టి కింద మామూలు నూలు దుప్పటి కూడా లేకుండా దీన్నొక్కదాన్నే వాడండి. ఫ్యాను ఒక్కటే ఉన్న ఇంట్లో మార్చి నుంచి జూన్ దాకా ఒంటికంతా వద్దనే అంటాను. పాదాల నుంచి మోకాళ్ల దాకా వేసుకున్నా కాళ్లు నెమ్మదిస్తాయి, చెమట పట్టదు. అన్నిటికంటే మంచిది, ఈ ప్రయోగం కార్తీకంలో మొదలుపెట్టడం.

ఆందోళనకు వాడేవాళ్లు రాత్రి దాకా ఆగక్కర్లేదు. గుండె దడదడలాడుతున్నప్పుడు కూర్చుని ఒళ్లో వేసుకుని, రెండు అరచేతులు దాని మీద ఆనించి, నాలుగు లెక్కపెడుతూ ఊపిరి తీసుకుని ఆరు లెక్కపెడుతూ వదలండి. పది నిమిషాలు. ఆ సమయంలో దుప్పటి బంధించినట్టు అనిపిస్తే వెంటనే తీసి పక్కన పెట్టండి, ఓర్చుకోవడంలో లాభం లేదు. ఇక రాత్రి దుప్పటి కప్పుకుని ఫోన్ చూస్తూ పడుకుంటే, వెచ్చగా ఉన్నందుకు ఇంకో గంట ఎక్కువ చూస్తారు. నా వల్ల ఇప్పటికీ కాని పని అదొక్కటే. ఫోన్ హాల్లో చార్జింగుకి పెట్టి రావడం తప్ప నాకు వేరే దారి దొరకలేదు.

మంచం పక్కన చిన్న నోటుబుక్కు పెట్టుకోండి. పొద్దున లేవగానే మూడే మాటలు: ఎంతసేపటికి నిద్ర పట్టింది, ఎన్నిసార్లు లేచాను, లేచాక ఎలా ఉంది. దుప్పటి రాకముందు ఒక వారం, వచ్చాక నాలుగు వారాలు. గడియారం చూడొద్దు, అంచనా చాలు. నాలుగు వారాల తర్వాత రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా ఉంటే కనిపిస్తుంది. లేకపోతే ఇష్టపడే స్నేహితులకిచ్చేయండి.

ఉతకడం

7 కిలోల వాషింగ్ మిషన్‌లో 6 కిలోల దుప్పటి పడుతుంది కదా అని వేయకండి. నీళ్లు పీల్చాక దాని బరువు ఎంతవుతుందో, గిర్రున తిరిగేటప్పుడు డ్రమ్ము ఎలా కొట్టుకుంటుందో ఊహించుకోండి. గలేబు తీసి దాన్నొక్కదాన్నే వారానికో పదిరోజులకో ఉతుక్కుంటే లోపలి దుప్పటిని ఏడాదికి రెండుసార్లు తడిపితే చాలు. పెద్ద టబ్బులో గోరువెచ్చని నీళ్లు, కొద్దిగా సబ్బు, కాళ్లతో తొక్కడం. పిండకండి, మడిచి అదమండి.

దండెం మీద మాత్రం వేయొద్దు. తడి బరువంతా రెండు వైపులా కిందికి లాగి కుట్లు తెగి, పూసలు డాబా అంతా రాలతాయి. నులక మంచమో నవ్వారు మంచమో ఉంటే దాని మీద పరిచేయండి, కింద నుంచి కూడా గాలి తగులుతుంది. రెండు గంటలకోసారి తిరగేయండి, ఆ రోజుకు ఆరలేదనిపిస్తే రాత్రి లోపలికి తెచ్చి ఫ్యాను కింద పరవండి. చేత్తో నొక్కితే గడి మధ్యలో చల్లగా తగులుతున్నంతసేపూ అది ఇంకా తడిగా ఉన్నట్టే.